తిరపమ్మ ఎక్కిన పేలాల కొండ

ముందు అందరూ చేతులు చాపండి. తలా పిడికెడు. ఇవాళ తొలి ఏకాదశి. పేలపిండి నోట్లో పడకుండా ఈ కథ చెబితే చెప్పినోళ్ళకీ అచ్చిరాదు, విన్నోళ్ళకీ అచ్చిరాదు. ఏందే, బెల్లం తక్కువైందని మూతి ముడుస్తున్నావా? సరే, ఇంకో గడ్డ నలిపి వేస్తా, తిను. ఒక్క మాట మాత్రం వినండి. నోట్లో పిండి పెట్టుకుని ఊఁ కొట్టకండి, ఎదుటోళ్ళ మొహాన పడిద్ది. మింగండి, నీళ్ళు తాగండి, అప్పుడు ఊఁ కొట్టండి. మీరు ఊఁ కొట్టకపోతే నేను చెప్పను. అది మా నాయనమ్మ పెట్టిన పద్ధతి. ఎందుకు పెట్టిందో చివరికి మీకే తెలిసిద్ది.

జొన్నచేలు ఏనుగెత్తు పెరిగే రోజుల్లో, ఒక్క గుమ్మడికాయ కోస్తే ఊరంతా పులుసు తాగే రోజుల్లో, అబద్ధమాడితే నాలుక మీద టక్కున పొక్కు లేచే రోజుల్లో, ఇదిగో ఈ కృష్ణ ఒడ్డునే, మన ఊళ్ళోనే, తిరపమ్మ అని ఒకామె ఉండేది.

ఊఁ అనండి మరి.

తిరపమ్మకు పొలమూ లేదు, పుట్రా లేదు. మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక మంగలం. మంగలం అంటే మీలో సగం మందికి తెలియదు, నాకు తెలుసు. వెడల్పు మూతి మట్టికుండ. దాన్ని పొయ్యి మీద వాలుగా పెట్టి, కృష్ణ ఇసక పోసి, ఇసక బాగా కాగాక గుప్పెడు జొన్నలు వేసి, ఈతపుల్లల కట్టతో కలపాలి. చిటపట, చిటపట, చిటపట. నల్లటి పొయ్యి మీద తెల్లటి పువ్వులు లేచినట్టు జొన్నలన్నీ పేలిపోతాయి. అవే పేలాలు. వాటిని తిరగట్లో విసిరితే ఇప్పుడు మీరు మూతికి పూసుకున్న పిండి.

అదేం పెద్ద పని అనుకుంటారేమో. చేసి చూడండి, తెలిసిద్ది. చెయ్యి ఉరుకులు పెడితే గింజ పేలకుండా పచ్చిగా ఉండిపోయిద్ది. చెయ్యి ఆగిందా, మాడి బొగ్గయిద్ది. అందుకని తిరపమ్మ ఎప్పుడూ ఒకటే పాట పాడుకునేది.

"ఉరికితే పచ్చి,
ఊరుకుంటే మాడు,
కలుపుతూ పో తల్లీ, కలుపుతూ పో."

పొద్దున్నే అదే పాట, మధ్యాహ్నం అదే పాట, సందెవేళ అదే పాట. ఊళ్ళో చంటిపిల్లలు అమ్మ అనడం కంటే ముందు ఆ పాట నేర్చేవాళ్ళంట.

తిరపమ్మకు ఏడేళ్ళప్పుడు ఒక సంగతి జరిగింది. అప్పుడు మంగలం వాళ్ళమ్మది. వాకిట్లో చాప మీద పేలాలు కుప్ప పోసి ఉన్నాయి. ఉత్తరాది నుంచి నడుచుకుంటూ వచ్చిన బైరాగి ఒకాయన ఆ కుప్ప చూసి ఆగిపోయాడు. చూసి చూసి నవ్వాడు. "మా వైపు ఇట్టాంటి కొండే ఒకటి ఉందమ్మా. ఇంతే తెలుపు, ఇట్టాగే కుప్ప. మొదట్లో నిలబడి తలెత్తితే తలపాగా వెనక్కి పడిద్ది," అన్నాడు.

"ఎవరు పోశారు అంత కుప్ప?" అనడిగింది పిల్ల.

బైరాగి జోలె చాపాడు. రెండు దోసిళ్ళ పేలాలు జోలెలో పోయించుకుని చక్కా పోయాడు.

ఆ పోవడం పోవడం తిరపమ్మ మనసు కూడా పట్టుకుపోయాడు. ఆ కొండ చూడాలి. దాని మీద ఒక్కసారి నిలబడాలి. అంత కుప్ప ఎవరు పోశారో కనుక్కోవాలి. పెళ్ళయింది, ఆ కోరిక పోలేదు. మొగుడు పోయాడు, ఆ కోరిక పోలేదు. జుట్టు మంగలంలో పేలాల్లాగే తెల్లబడింది, అయినా పోలేదు. అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ చెప్పేది. "ఆశకు అంతుండాలే," అని అందరూ నవ్వేవాళ్ళు. తిరపమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. నవ్వేసి మళ్ళీ అదే చెప్పేది.

ఇప్పుడు గురవారెడ్డి సంగతి చెబుతా. ఊరికి మోతుబరి. చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది, మనసు మాత్రం చెడ్డది కాదు. తొందర ఒక్కటే ఆయన జబ్బు. ఏడో నెలలోనే పుట్టాడంట, కడుపులో కూడా ఆగలేక. ఆయన మూడు బావులు తవ్విస్తే మూడింటా రాయే పడింది. నాలుగోది తవ్విస్తూ మొక్కుకున్నాడు. "ఉత్తరాన తెల్లకొండ నెత్తిన కూర్చున్న కొండమ్మ తల్లీ, ఈ బావిలో నీళ్ళు పడితే నీ దగ్గరికి నడిచొచ్చి గంట కడతా!" అన్నాడు. మూడో రోజుకల్లా మనిషి లోతు నీళ్ళు పడ్డాయి.

గంట పోయించాడు రెడ్డి. మామూలు గంటా! గుమ్మడికాయంత గంట. దాని చుట్టూ వేలెడంత లావు అక్షరాలతో తన పేరు పోయించాడు. "పేరెందుకయ్యా?" అంటే, "కట్టింది ఎవరో అమ్మకి తెలియొద్దా? నేను పోయాక కూడా జనం చదవొద్దా?" అన్నాడు. ఆయనకు ఆ పేరు మీద అంత మమకారం. అది గుర్తుపెట్టుకోండి.

ఆయన పోయేది బైరాగి చెప్పిన తెల్లకొండకేనని విని తిరపమ్మ చేట కింద పడేసి పరిగెత్తింది. తిరపమ్మ పరిగెత్తడం ఊరు చూడటం అదే మొదటిసారి.

"రెడ్డయ్యా, నేనూ వస్తా."

"నీకు మొక్కుందా?"

"లేదు."

"మరెందుకే?"

"చూడ్డానికి."

అరుగు మీదున్నోళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. చూడ్డానికి ఆరు నెలలు నడిచేదాన్ని ఏమనాలి? రెడ్డి పొమ్మన్నాడు.

మర్నాడు మళ్ళీ పోయింది. "రెడ్డయ్యా, నేనూ వస్తా."

"ముసలిదానివి. దారిలో పోతే నిన్ను మోసేదెవరు?"

"పోతే అక్కడే వదిలేసి రండి. నేనేమన్నా లేచొచ్చి అడుగుతానా?"

ఈసారి రెడ్డి కూడా నవ్వాడు. నవ్వి, పొమ్మన్నాడు.

మూడో రోజు మళ్ళీ పోయింది. "రెడ్డయ్యా, నేనూ వస్తా."

"అబ్బబ్బ, జిడ్డులా పట్టుకున్నావే! నీకేం వచ్చు? ఏం చేస్తావు నువ్వొచ్చి?"

"పప్పు వండుతా."

అంతే. దొరికిపోయాడు రెడ్డి. ముద్దపప్పు లేనిదే ఆయనకు ముద్ద దిగదు. తిరపమ్మ పప్పు సంగతి ఆయనకు తెలుసు. కందిపప్పు దోరగా వేయించి, మెత్తగా ఉడికించి, తెడ్డుతో ఎనిపిందంటే పక్క వీధికి వాసన పోయేది. "సరే, రా. పూటకు కుండెడు పప్పు. అది లేని రోజు నిన్ను ఎక్కడుంటే అక్కడే వదిలేస్తా," అన్నాడు.

బయల్దేరారు పదకొండు మంది. అందరూ గుడ్డల మూటలు కట్టుకుంటే తిరపమ్మ నెత్తి మీద చుట్టకుదురు పెట్టి, దాని మీద మంగలం పెట్టి, మంగలంలో ఇసక మూట పెట్టింది. జొన్నలూ కందిపప్పూ వీపున కట్టుకుంది.

"ఇసక మోసుకెళ్తావేందే! దారిలో ఏళ్ళు లేవా? ఇసక లేదా?"

"మన ఇసక గుణం నాకు తెలుసు. పరాయి ఇసక గుణం ఎవరికి తెలుసు?" అన్నది.

నడిచారు, నడిచారు, నడిచారు. గోదారి దాటారు. గంగ దాటారు. పేరు తెలియని ఏళ్ళు ఎన్నో దాటారు. దారి భాష నాలుగు ముక్కలు అందరి నాలుకకీ పట్టుబడ్డాయి. ఆరు నెలలకి నేల లేచి నిలబడటం మొదలుపెట్టింది. గుట్టలయ్యాయి, గుట్టల మీద కొండలయ్యాయి. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా అది! తెల్లగా, కుప్పగా, మబ్బుల్లోకి పోసినట్టు. తిరపమ్మ తలెత్తి చూసింది. నెత్తి మీది మంగలం వెనక్కి ఒరిగి పడబోతే రెండు చేతులా పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నోటి వెంట నవ్వొస్తుంది ఆమెకి. బైరాగి అబద్ధం చెప్పలేదు.

ఆ కొండ కింద పల్లెలో బచన్ సింగ్ అని గొర్రెల కాపరి ఉండేవాడు. పైకి దారి చూపేది ఆయనే. మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ. ఆయన చెప్పాడు. "మా కొండ మంచిది. అగాధాల్లేవు, తాడక్కర్లేదు, నిచ్చెనక్కర్లేదు. గొర్రెపిల్ల కూడా నడిచి ఎక్కుతుంది. పైన ఒక్కటే కరువు, ఊపిరి. అందుకని రెండు మాటలు వినాలి. ధీరే ధీరే నడవాలి, నిదానంగా. కడుపు నిండా తిని నడవాలి. ఖాళీ కడుపుతో నేను ఎవరినీ తీసుకుపోను."

"తినడం గురించి మాకు చెప్పాలా!" అన్నాడు రెడ్డి.

కొన్నాళ్ళు నడిచి, మంచు మొదలయ్యే చోటుకు చేరారు. గడ్డి నేల, ఒక చల్లటి ఊట, మూడు రాళ్ళ పొయ్యి. అక్కడ గుడారాలేసి ఆగి, పొద్దున్నే పైకి పోవాలి. రెడ్డి కాళ్ళు చాపుకుని, "తిరపమ్మా, పప్పు!" అన్నాడు.

తిరపమ్మ కుండ పెట్టింది. నీళ్ళు తెర్లాయి. పప్పు వేసింది. కుతకుత, కుతకుత. ఎంతసేపు చూసినా పప్పు గింజ గింజలాగే ఉంది. నోట్లో వేసుకుంటే పటుక్కుమంది. అన్నం కూడా అంతే, బిరుసు. కట్టెలు అయిపోయాయి కానీ పప్పు ఉడకలేదు.

"కట్టెలు పచ్చివి," అన్నారు అందరూ. మర్నాడు దూరం పోయి ఎండు కట్టెలు మోసుకొచ్చారు. కుతకుత, కుతకుత. పప్పు ఉడకలేదు.

"నీళ్ళు మంచివి కావు," అన్నారు. మూడో రోజు ఇంకో ఊట వెతికి నీళ్ళు తెచ్చారు. కుతకుత, కుతకుత, కుతకుత. తిరపమ్మ బతిమాలింది, తిట్టింది, తెడ్డుతో కొట్టింది. పప్పు మాత్రం గులకరాళ్ళలాగా కుండలో గిరగిరా తిరుగుతా ఉంది.

నవ్వకండి. పప్పు లేకపోతే పోనీ, ఇంకేదన్నా తిని పోదామని పదకొండు మందిలో ఒక్కరికి తోచలేదు! పప్పు లేని కూడు తిని అమ్మ దగ్గరికి పోవడమా అని వాళ్ళ పట్టుదల. మనవాళ్ళు కదా, అంతే.

అందరి కడుపులూ మాడుతున్నాయి. ఆకలి మీద ఉన్న రెడ్డికి కోపం ముక్కు మీదుంది. "కట్టెలు మంచివే, నీళ్ళు మంచివే. నీ చెయ్యే మంచిది కాదు! పప్పు పెట్టిన రోజే నువ్వు కొండెక్కేది. అప్పటిదాకా ఈ పొయ్యి దగ్గర్నుంచి కదిలావంటే చూడు," అన్నాడు.

తిరపమ్మ కళ్ళెత్తింది. ఎదురుగా తెల్లకొండ ఎండలో ధగధగా మెరుస్తా ఉంది. ఆరు నెలలు నడిచింది. యాభై ఏళ్ళు ఎదురుచూసింది. ఇప్పుడు ఇంత కందిపప్పు అడ్డం పడి కూర్చుంది. ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని పొయ్యి ఊదింది.

మరి బచన్ సింగ్ ఏం చేస్తున్నాడు అంటారా? మూడు రోజులుగా దూరంగా, చేతులు కట్టుకుని, ఎంతో భక్తిగా కూర్చుని ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం మెల్లగా తిరపమ్మ దగ్గరికొచ్చి దణ్ణం పెట్టాడు.

"అమ్మా, తప్పనుకోవద్దు. ఎండ ఇంక రేపొక్క రోజే ఉండేట్టుంది. మీ పూజ ఎప్పటికి అయిపోయిద్ది?"

"ఏం పూజయ్యా?"

"అదే, ఈ కుండ పూజ. మూడు రోజులుగా కలుపుతున్నారు, ఎవ్వరూ తినరు. పెద్ద వ్రతమే అనుకున్నా."

తిరపమ్మకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. "పూజా లేదు, పునస్కారమూ లేదు నాయనా. పప్పు ఉడకట్లేదు!"

బచన్ సింగ్ నేల మీద పడి నవ్వాడు. "ఇక్కడ పప్పు ఉడకదమ్మా! ఎన్ని కట్టెలు పెట్టినా ఉడకదు. ఇంత పైకొస్తే నిప్పుకి కూడా ఆయాసమొస్తుంది. మేం తినేది ఇది," అని నడుముకున్న సంచి విప్పి చూపించాడు. వేయించిన యవల పిండి. మనకి జొన్నలెట్టాగో వాళ్ళకి యవలట్టాగ.

తిరపమ్మ వేలితో కొంచెం తీసి నాలుక మీద వేసుకుంది. వెంటనే నుదురు టపటపా కొట్టుకుంది. "ఇది పేలపిండే కదయ్యా! చంకలో పిల్లనెత్తుకుని ఊరంతా వెతికినట్టు, నెత్తిన మంగలం పెట్టుకొచ్చి నేను ఈ కుండ ముందు ఏడుస్తన్నానేంది!"

కుండ దించేసింది. మంగలం ఎక్కించింది. కృష్ణ ఇసక పోసింది. ఇసక కాగింది. జొన్నలు వేసింది. చిటపట, చిటపట, చిటపట! నీళ్ళు చేయలేని పని ఇసక చేసింది. పేలాలు గడ్డి మీద కుప్ప పడ్డాయి. సంచిలో మిగిలిన పొడి కందిపప్పు కూడా అదే మంగలంలో వేసింది.

"ఉరికితే పచ్చి, ఊరుకుంటే మాడు, కలుపుతూ పో తల్లీ, కలుపుతూ పో."

పప్పు దోరగా వేగింది. ఎండుమిరపకాయలు వేయించింది. ఉప్పు వేసి రాతి మీద రాతితో నూరింది. ఆహా, కందిపొడి! ఆ వాసన కొండగాలికి లేచి గుడారాల్లోకి దూరింది. ముక్కులు ముందూ మనుషులు వెనకా పదిమందీ పరిగెత్తుకొచ్చారు.

"ఏందా వాసన?" అన్నాడు రెడ్డి.

"పప్పు, రెడ్డయ్యా."

"ఉడికిందా?"

"ఉడకలేదు. వేగింది. ఉడికినా పప్పే, వేగినా పప్పే. తిని చెప్పు."

పేలాలూ అట్టాగే నూరి, ఆ పిండిలో గోరువెచ్చటి నీళ్ళు పోసి ముద్ద చేసి, కందిపొడి అద్ది పెట్టింది. రెడ్డి ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్ద అడిగి మరీ తిన్నాడు. కారానికో చలికో ముక్కు కారుతుంటే తుడుచుకుంటూ, "మాటంటే మాటే. రేపు నువ్వూ రా," అన్నాడు.

తెలతెలవారుతుండగా లేచారు. బచన్ సింగ్ అందరి కాళ్ళకీ గడ్డి చెప్పులు కట్టాడు. మంచు మీద ఎండ కళ్ళు పొడవకుండా కళ్ళ కింద మసి పూశాడు. "మసి నాకు కొత్తా?" అని తిరపమ్మ తనే పూసుకుంది.

నడక మొదలైంది. రెడ్డి గంట వీపున కట్టుకుని అందరికంటే ముందు గణగణమంటూ పరిగెత్తాడు. "ధీరే, ధీరే!" అని బచన్ సింగ్ అరుస్తూనే ఉన్నాడు. ఎవరు వింటారు? అందరికంటే వెనక తిరపమ్మ. ఒక అడుగు, ఒక పాట. ఇంకో అడుగు, ఇంకో పాట.

మొదటి వాలు ఎక్కేసరికి నలుగురికి కాళ్ళు పీకాయి. "ఇక్కణ్ణుంచే దణ్ణం పెడతాం," అని దిగిపోయారు. రెండో వాలు ఎక్కేసరికి ఇంకో ఐదుగురికి తల తిరిగింది. "అమ్మ దయుంటే ఇంటి దగ్గరే ఉండిద్ది," అని వాళ్ళూ దిగిపోయారు. మూడో వాలు సగంలో గంట మోత ఆగిపోయింది.

రెడ్డి మంచులో చతికిలబడి ఉన్నాడు. నోటితో గాలి మింగుతున్నాడు. బచన్ సింగ్ ఆయన పెదాలు చూశాడు, కళ్ళు చూశాడు, తలనొప్పుందా అని అడిగాడు. "జబ్బేం లేదు. ఉరికి ఉరికి ఊపిరి పారబోసుకున్నాడు. లేవకపోతే మాత్రం నేను కిందికి దించాలి. నిన్నొక్కదాన్ని ఇక్కడ వదలను. నువ్వూ దిగాల్సిందే అమ్మా," అన్నాడు.

తిరపమ్మ తలెత్తి చూసింది. కొండ నెత్తి ఎంత దూరమో తెలుసా? మన ఇంటి దగ్గర్నుంచి రేవు దాకా. అంతే! యాభై ఏళ్ళ కోరిక అంత దగ్గరుంది. రేవు దాకా నడవలేని మనిషి వల్ల అది పోబోతుంది. ఆమెకి ఒళ్ళు మండింది.

"లే, రెడ్డయ్యా!"

"నా వల్ల కాదు తిరపమ్మా. గంట ఇక్కడే పెట్టి పోదాం. అమ్మ ఏమనుకోదు."

"అమ్మ అనుకోదేమో, నేననుకుంటా! ఒక్కరోజన్నా నా మంగలం పక్కన కూర్చుంటే నీకీ తిప్పలొచ్చేవా? నీ ఊపిరి పచ్చిగా ఉంది, అంతే. ఇంద, ఈ పిండి బుగ్గన పెట్టుకో, మింగు. గంట సింగుకియ్యి. నా వెనక రా. నా అడుగులో నీ అడుగు పెట్టు. నేను పాడతా, నువ్వు ఊఁ కొట్టు. ఊఁ కొట్టలేకపోయావా, ఉరికినట్టు లెక్క."

ఊరికి మోతుబరి, పేలాల ముసలిదాని వెనక నిలబడ్డాడు. వెనక గంట మోసుకుంటూ బచన్ సింగ్.

"ఉరికితే పచ్చి."

"ఊఁ."

"ఊరుకుంటే మాడు."

"ఊఁ."

"కలుపుతూ పో తల్లీ, కలుపుతూ పో."

"ఊఁ, ఊఁ."

మొదట రెడ్డి ఊఁ మూలుగులాగా ఉంది. తర్వాత మాటలాగా అయింది. చివరికి పాటలాగా అయింది. మూడు గుప్పిళ్ళ జొన్నలు పేలేటంత సేపు నడిచారో, ముప్పై గుప్పిళ్ళు పేలేటంత సేపు నడిచారో, వాళ్ళకే తెలియదు. ఒక్కసారి తిరపమ్మ ఆగింది. ఎదురుగా పైకి ఇంకేం లేదు. రాళ్ళ కుప్ప ఒకటి, అదే కొండమ్మ గుడి, దానికి కట్టిన వెలిసిపోయిన గుడ్డలు, ఆ తర్వాత ఆకాశం.

ఇంకొక్క అడుగుంది. రెడ్డి పక్కకి జరిగాడు. "నువ్వు ముందెక్కు, పెద్దమ్మా," అన్నాడు. ఆయన నోటి వెంట ఆ పిలుపు అదే మొదటిసారి.

తిరపమ్మ ఎక్కింది. ఎక్కి చూసింది. ఒక కుప్ప కాదర్రా! కుప్ప వెనక కుప్ప, కుప్ప వెనక కుప్ప, కనుచూపు మేర తెల్లటి పేలాల కుప్పలు. ఆమెకి నవ్వు ఆగలేదు. చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టింది. వంగి గుప్పెడు మంచు తీసి నోట్లో వేసుకుంది.

"ఉప్పు లేదు," అన్నది.

కొంగుముడి విప్పి, చిటికెడు కందిపొడి చల్లుకుని మళ్ళీ తిన్నది. "ఆఁ, ఇప్పుడు బాగుంది."

అప్పుడే ఎక్కణ్ణుంచో నాలుగు మంచు పువ్వులు గాలిలో తేలుకుంటూ వచ్చి ఆమె చేతి మీద పడ్డాయి. తిరపమ్మ పైకి చూసింది. "ఎవరు పోశారో అనుకున్నా ఇన్నాళ్ళూ. ఎవరో నాకంటే పెద్ద చెయ్యున్నామె. చూడు సింగూ, ఇంకా వేయిస్తానే ఉంది!" అని, ఆ పైనున్నామెకు చెయ్యెత్తి దణ్ణం పెట్టి, "కలుపుతూ పో తల్లీ!" అని కేకేసింది.

ఇవతల రెడ్డి, బచన్ సింగ్ కలిసి గంట కట్టారు. గణగణమంది. బచన్ సింగ్ దాని మీది అక్షరాలు వేలితో తడిమాడు. ఆయనకు మన చదువు రాదు. "ఏమని రాసుందయ్యా?" అనడిగాడు.

రెడ్డి తన పేరు వంక చూశాడు. అటు తిరిగి, మంచు తింటూ నవ్వుకుంటున్న ముసలామె వంక చూశాడు. జన్మలో మొదటిసారి ఆయన తొందరపడకుండా, నిదానంగా, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాడు.

"తి... ర... ప... మ్మ. తిరపమ్మ అని రాసుంది."

ఆమె ఆ మాట వినలేదు. తర్వాత కూడా ఆమెకి ఎవరూ చెప్పలేదు.

దిగొచ్చారు. తిరపమ్మ తన మంగలం బచన్ సింగ్ భార్యకిచ్చింది. ఇసక మాత్రం ఇవ్వనన్నది, మళ్ళీ పాపం అనిపించి సగమిచ్చింది. ఇంటికొచ్చి కొత్త మంగలం కొనుక్కుంది. ఇంకా చాలా ఏళ్ళు బతికింది. వినేవాళ్ళుంటే చాలు, కొండ కథ చెప్పేది. ఒక తొలి ఏకాదశి నాడు ఊరందరికీ సరిపడా పేలాలు వేయించి, పొయ్యి ఆర్పి, గోడకానుకుని కూర్చుని అట్టాగే పోయింది. మొహాన నవ్వు అట్టాగే ఉందంట. పాడెకి ముందు కొమ్ము పట్టింది గురవారెడ్డి. ఎవరు ఎంత తొందరపెట్టినా, కాటి దాకా మెల్లగా, ఆ పాటకే అడుగేశాడు.

ఆ తర్వాత్నుంచే మన ఊళ్ళో ఏకాదశినాడు మొదటి చిటికెడు పేలపిండి ఉత్తరం వైపు చల్లేది. ఎవరన్నా కాలుగాలిన పిల్లిలా ఉరుకుతుంటే "కలుపుతూ పో" అనేది అందుకే. తేలని పని మీద కూర్చుని ఏడ్చేవాణ్ణి "కొండ మీద పప్పు వండుతున్నావా, దించి మంగలం పెట్టు" అనేది అందుకే. కథకి ఊఁ కొట్టించేది కూడా అందుకే. ఊఁ కొట్టేవాడికి ఊపిరుంటది, ఊపిరున్నవాడు పైదాకా వస్తాడు. అక్కడ ఆ కొండ కింద కూడా, మూడు రాళ్ళ పొయ్యి దగ్గర ఎవ్వరూ కుండ పెట్టరంట. వేయించిన పిండే తిని, చిటికెడు పొయ్యిలో వేసి, "తిరపమ్మా, ధీరే ధీరే" అని పైకి నడుస్తారంట.

రెడ్డి ముసలోడయ్యాక మన ఊరివాళ్ళు నలుగురు మళ్ళీ ఆ కొండకి పోయారు. వాళ్ళకి చదువొచ్చు. గంట మీద చూస్తే వేలెడంత లావున గురవారెడ్డి అనే ఉంది. దారి చూపుతూ వెంటొచ్చిన ఆ పల్లె పిల్లలేమో దాని మీద వేలు పెట్టి, "తి, ర, ప, మ్మ" అని గడగడా చదివేస్తున్నారు. నలుగురూ ఆశ్చర్యపోయి, తిరిగొచ్చి రెడ్డిని నిలదీశారు. "ఏం తాతా, నీ పేరు పట్టుకుని వాళ్ళు అట్టా చదువుతారేంది? నువ్వేనా ఆ అబద్ధం చెప్పింది?"

గురవారెడ్డి మంచం మీద లేచి కూర్చున్నాడు. అబద్ధమాడితే నాలుక మీద పొక్కు లేచే రోజులు కదా అవి! ఆయన నోరు బార్లా తెరిచి, నాలుక బయటపెట్టి, నలుగురికీ చూపించాడు.

పొక్కు లేదు.

కథలన్నీ కంచికి పోతాయంట. ఇది మాత్రం ఉత్తరానికి పోయింది, నిదానంగా. ఇక మీరు చేతులు చాపండి, ఇంకో పిడికెడు పెడతా.